ఇంట్ల ముసలోళ్లున్నరా?

చిక్కడపల్లిలో కిరాయి ఇల్లు కావాలన్నవాళ్లు ముందు చౌరస్తా దగ్గరి ఇరానీ హోటల్‌కు పోవాలి. గల్లా పక్కన రెండో బల్ల దగ్గర గోడకు వీపు ఆనించి పీరయ్య కూర్చుని ఉంటాడు. బోర్డు లేదు, ఆఫీసు లేదు. ఫోను కావాలంటే పక్కనున్న ఎస్టీడీ బూతే దిక్కు. మొలతాడుకు మాత్రం తాళంచెవుల గుత్తి వేలాడుతుంటుంది. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో ఏ ఇల్లు ఖాళీ అయినా దాని తాళంచెవి ఆ గుత్తిలోకి వచ్చి చేరాల్సిందే. ఇన్ని తలుపులు తెరిచే మనిషికి సొంతానికి ఒక్క తలుపూ లేదు. పుట్టింది కిరాయి ఇంట్లో, పెరిగింది కిరాయి ఇంట్లో. కట్టుకున్న ఆమె మూడో ఇల్లు మారేసరికి విసిగి పుట్టింటికి పోయింది, మళ్లీ రాలేదు. ఇప్పుడు అతడూ, తల్లి ఎల్లవ్వా, ఇద్దరే.

వచ్చినవాడికి పీరయ్య చాయ్ చెప్పి నాలుగు ప్రశ్నలు వేస్తాడు. ఎంతమంది? ఏం నౌకరి? నీసు తింటరా? నాలుగోది మాత్రం చాయ్ సగమయ్యాక, అప్పుడే గుర్తొచ్చినట్టు అడుగుతాడు.

"ఇంట్ల ముసలోళ్లున్నరా?"

ఉన్నారంటే అతడి ముఖం మారదు. "మంచిగ తిరుగుతున్నరా, మంచాన పడ్డరా?" అంటాడు. మంచాన పడ్డారంటే అంతే, గుత్తిలోని ఇళ్లన్నీ ఒక్కసారిగా నిండిపోతాయి. "ఇప్పుడైతే ఏం ఖాళీ లేవన్నా, జర రాంనగర్ దిక్కు చూడుండ్రి" అని చాయ్ డబ్బులు తనే ఇచ్చి సాగనంపుతాడు.

తప్పు పీరయ్యది కాదనుకోండి. ఈ ఊళ్లో ఇల్లు కిరాయికిచ్చేది బతకడానికి, చావడానికి కాదు. కిరాయి ఇంట్లో ప్రాణం పోతే ఇల్లు మైలపడుతుంది. పోయిన వేళకు ధనిష్ఠ పంచకమో మరొకటో తగులుకుంటే పంతులు ఆ ఇంటికి మూడు నెలలో ఆరు నెలలో తాళం పెట్టమంటాడు. ఆ తర్వాత అందులో దిగడానికి ఎవడికి గుండె ఉంటుంది? అందుకని పోయేవాళ్లను కాస్త ముందుగానే బయట పెట్టాలి. రోడ్డు పక్కన మంచం, పైన షామియానా. బతికినన్నాళ్లూ కిరాయి కట్టిన మనిషి చావడానికి మాత్రం మునిసిపాలిటీ జాగాకు పోవాలి. ఇది ఎక్కడా రాసి లేదు, అయినా రాసిపెట్టిన చట్టాలకంటే గట్టిగా నడుస్తుంది. పామూ చావాలి, కర్రా విరగకూడదు.

ఆ పని ఓనర్లు తమ చేతులతో చేయరు. పాపం, వాళ్లకు మనసొప్పదు. పీరయ్యకు కబురు పెడతారు.

పీరయ్య ఆ పనిలో ఆరితేరినవాడు. గొంతు పెంచడు, తొందర పెట్టడు. ముందు రోగి మంచం పక్కన కూర్చుని బాధగా తల ఊపుతాడు. "డాక్టర్లు ఎట్లగూ చేతులెత్తేసిండ్రు. లోపల ఉబ్బగ ఉన్నది. బయట మంచమేస్తే పానానికి సల్లగుంటది" అంటాడు. రోగి మీద ప్రేమతోనే అంటున్నాడనిపిస్తుంది. షామియానా కూడా తెలిసిన టెంట్ హౌస్ నుంచి తనే తెప్పిస్తాడు. దానివల్ల కొంత పుణ్యం వస్తుందని అతడి నమ్మకం.

హనుమప్పను బయట పెట్టినప్పుడూ అలాగే చేశాడు. పాలమూరు దిక్కు నుంచి వచ్చిన మేస్త్రీ అతడు. నారాయణగూడలో లేస్తున్న అపార్ట్‌మెంట్ పరంజా మీంచి పడి నడుము విరిగింది. దవాఖాన వాళ్లు ఇక చేసేదేం లేదని ఇంటికి పంపేశారు. ఆ ఇల్లు అశోక్‌నగర్ నాలా పక్కన ఒక్క గది. పీరయ్య వచ్చి మెత్తగా మాట్లాడుతుంటే హనుమప్ప పెళ్లాం ఆశమ్మ చేతులు జోడించింది.

"జర మెల్లగనన్న మాట్లాడన్నా. ఆయనకు తెలివున్నది, అన్నీ ఇంటున్నడు."

"ఇంటే మంచిదే గదక్కా. ఆయనకూ చెప్పినట్టయితది" అన్నాడు పీరయ్య.

మంచం గడప దాటుతుంటే హనుమప్ప చేయి చాచి దర్వాజా పట్టుకున్నాడు. నోట మాట లేదు, పట్టు మాత్రం మేస్త్రీ పట్టు. పీరయ్య అతడి వేళ్లను ఒక్కొక్కటిగా, నొప్పి పుట్టకుండా విడదీశాడు. ఆ రాత్రి వాన పట్టుకుంది. తెల్లారి షామియానా కింద మంచం నిండా నీళ్లు, నీళ్లలో హనుమప్ప. ఓనరు పీరయ్యకు చాయ్ తాగించి, "నీ చెయ్యి మంచిదయ్యా" అన్నాడు.

ఈ విద్య అతడికి ఎక్కడబ్బిందో చెప్పాలి. పీరయ్య తండ్రి ట్యాంక్‌బండ్ కింది మిల్లులో పనిచేసి, నూలు దుమ్ము మింగి మింగి దగ్గుతో మంచం పట్టాడు. అప్పుడు పీరయ్యకు మీసాలు కూడా సరిగా రాలేదు. ఓ రోజు తెల్ల లాల్చీ వేసుకున్న బ్రోకర్ ఒకడు వచ్చి, తండ్రి మంచం పక్కన కూర్చుని, బాధగా తల ఊపి, గాలి గురించి మాట్లాడాడు. సాయంత్రానికల్లా తండ్రి రోడ్డు మీద ఉన్నాడు. పోయే బస్సుల దుమ్ములో, చూసేవాళ్ల చూపుల్లో, ఎల్లవ్వ కొంగుతో ఈగలు తోలుతూ కూర్చుంది. వేరొకడైతే ఆ బ్రోకర్‌ను జన్మంతా తిట్టుకుని ఉండేవాడు. పీరయ్య మాత్రం, అంత ఘోరమైన మాటను అంత మెత్తగా ఎలా అన్నాడా అని ఆశ్చర్యపోయాడు. ఆ ఆశ్చర్యంలోంచే అతడి బతుకుదెరువు పుట్టింది.

ఎల్లవ్వకు మాత్రం ఆ రోజు కళ్లలోనే ఉండిపోయింది. తర్వాత ఆ కళ్లకు పొరలు కమ్మి చూపు పోయినా ఆ రోజు పోలేదు. కొడుకును ఆమె జన్మలో ఒక్కటే అడిగింది. "బిడ్డా, నన్ను మీ నాయన లెక్క రోడ్డు మీద పెట్టకు. నెత్తి మీద కప్పుండంగ పోవాలె. పూరి గుడిసె అయినా మంచిదే."

"పెట్టనవ్వా" అన్నాడు పీరయ్య. మాట ఇవ్వడం అతడికి కష్టమైన పని కాదు.

తొంభై ఆరులో ఎల్లవ్వ మంచం పట్టింది. అప్పటికి వాళ్లుండేది చిక్కడపల్లి సందులో జైపాల్ అనే ఆయన ఇంట్లో, వెనుక పోర్షన్. జైపాల్ మంచివాడే, పండుగలకు గారెలు పంపేవాడు. ఎల్లవ్వ లేవడం మానేశాక మాత్రం రోజూ పొద్దున బనీనుతో వాకిట్లోకి వచ్చి, పళ్లు తోముకుంటూ అడగడం మొదలుపెట్టాడు.

"అవ్వ ఎట్లున్నదయ్యా?"

పీరయ్య చెప్పుల్లో కాళ్లు పెట్టి గబగబా గేటు దాటేవాడు. ఆ ప్రశ్న ఏమిటో అతడికి తెలియక కాదు. ఓనర్లకు దాన్ని నేర్పిందే అతడు. ముందు రోజుకోసారి బాగోగులు అడుగుతుండండి, వాళ్లకే అర్థమవుతుందని ఎంతమందికి సలహా ఇచ్చాడో.

అలాంటి రోజుల్లో జగదీశ్వర్, నళిని అనే భార్యాభర్తలు ఇరానీ హోటల్‌కు వెతుక్కుంటూ వచ్చారు. ఆయన కరెంటు ఆఫీసులో లైన్ల సర్వే చేసి రిటైరైనవాడు. ఆమె సర్కారు దవాఖానలో పెద్ద నర్సుగా చేసి రిటైరైంది. మంచాన పడ్డ ముసలివాళ్లను నెలల తరబడి ఉంచుకుని చూసే నర్సింగ్ హోం పెట్టాలని వాళ్ల ఆలోచన. ఆలుమగలిద్దరూ నౌకరీలకు పోయే ఇళ్లలో ముసలివాళ్లను అటు నుంచి ఇటు తిప్పి పడుకోబెట్టే దిక్కు లేక వీపులు పుండ్లు పడుతున్నాయని, అవి కడిగి కడిగి తన చేతులు అరిగాయని నళిని చెప్పింది.

"ముందు ఏరియా పనికొస్తదా రాదా చూడాలె పీరయ్యా. ఇల్లు తర్వాత" అన్నాడు జగదీశ్వర్. సర్వే బుద్ధి ఎక్కడికి పోతుంది!

మూడు పేటలూ కాళ్లరిగేలా తిరిగారు. పీరయ్య ఇళ్లను గదుల లెక్కన చూస్తాడు. నళిని మంచాల లెక్కన చూసింది. తలుపులో మంచం అడ్డం తిరుగుతుందా, గడప దగ్గర మెట్లెన్ని, తడి బట్టలు ఆరేసే ఎండ ఎటు వస్తుంది, పిలిస్తే డాక్టరు ఎంతసేపట్లో రాగలడు, ఇవీ ఆమె ప్రశ్నలు. నారాయణగూడలో దవాఖానలు, మందుల దుకాణాలు చేతికందే దూరంలో ఉన్నాయి, కానీ మెయిన్ రోడ్డు హారన్లకు ముసలి గుండెలు అదిరిపోతాయంది. చిక్కడపల్లిలో ప్రతి రెండో ఇంట్లో ఒక ముసలి ప్రాణం ఉంది, గుడి గంట వినబడుతుంది, కూరగాయలు దొరుకుతాయి. కాని సందులో స్కూటర్ ఎదురొస్తే స్ట్రెచర్ వెనక్కి నడవాలి. వానొస్తే మోరీ నీళ్లు ఇంట్లోకే. రాంనగర్‌లో మనుషులకే జాగా లేదు. అశోక్‌నగర్ ఆమెకు నచ్చింది. వెడల్పు రోడ్లు, చెట్ల నీడ, ఇందిరా పార్కు వైపు నుంచి గాలి. నల్లా ఒక్కటే తిప్పలు, రోజు తప్పి రోజు వస్తుంది.

"అంబర్‌పేట్ అయితే అగ్గువకు దొరుకుతది గదా" అన్నాడు జగదీశ్వర్.

"అంత దూరం కొడుకులు, బిడ్డలు చూడనీకి రారు. కొన్నాళ్లకు మర్చే పోతరు" అంది నళిని.

అంబర్‌పేటకు ఎటూ ఒకసారి అందరూ వస్తారు, శ్మశానం అక్కడే ఉంది కదా అనుకున్నాడు పీరయ్య. పైకి అనలేదు.

అన్నిటికంటే నళిని మనసు పడిన ఇల్లు నారాయణగూడ లోపలి గల్లీలో ఒకటుంది. పాత ఇల్లు, మూడు గదులు, మెట్లు లేవు, వాకిట్లోనే నల్లా. షాబాదు బండల నేల ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది. ఆమె చెప్పులు విప్పి ఆ బండల మీద నిలబడి, "వీపు పుండ్లకు ఇంతకన్న మంచి నేల లేదు" అంది. ఓనరు నిజామాబాద్‌లో నౌకరి. పీరయ్య బూతు నుంచి ఫోను చేస్తే ఆయన సంగతి విని, "దినాం శవాలు లేసే పనికి నా ఇల్లిస్తనా? నీకు బుద్ధున్నదా పీరయ్యా?" అని ఠపీమని పెట్టేశాడు.

ఆ తర్వాత అన్ని ఇళ్లలోనూ అదే జవాబు. నారాయణగూడ ఓనరమ్మ ఒకతె పీరయ్య వెళ్లాక అతడు నిలబడిన చోట నీళ్లు చల్లింది. ఎవరిని తిట్టగలడు? నాలుగో ప్రశ్న మూడు పేటలకూ నేర్పించిన పంతులు అతడే. గాలీ నీళ్లూ రోడ్లూ అన్నీ సర్వేలో పాసయ్యాయి. మనిషి చావడానికి మాత్రం ఈ ఏరియా పనికిరాదని తేలింది.

మామూలు బేరమైతే పీరయ్య అక్కడే వదిలేసేవాడు. కానీ ఈసారి అతడు తన కమీషన్ వద్దన్నాడు. "మేడం, నాకు పైసలొద్దు. మా అవ్వకొక మంచమియ్యుండ్రి, గంతే" అన్నాడు. నళిని అతడి ముఖంలోకి చూసి, "మొదటి మంచం మీ అవ్వదే" అంది. అతడికి ఆ మాట చాలు. తల్లికి కప్పు దొరికింది, ఇక ఇల్లే దొరకాలి.

జైపాల్‌కు అశోక్‌నగర్‌లో అన్నదమ్ముల పంపకంలో వచ్చిన ఇల్లు ఒకటి ఖాళీగా ఉంది. పీరయ్య అతడిని హోటల్‌కు పిలిపించి, జగదీశ్వర్ దంపతులను ఎదురుగా కూర్చోబెట్టాడు. జైపాల్ అంతా విని బిస్కెట్ చాయ్‌లో ముంచాడు.

"ఇస్త. కని నా గేటు లోపల ఒక్క పానం పోవద్దు."

"అదెట్ల కుదురుతదండీ? ముసలోళ్లు గదా" అన్నాడు జగదీశ్వర్.

బేరం తెగిపోతోంది. సరిగ్గా అప్పుడు అలవాటైన పీరయ్య నాలుక, మెత్తగా, తనంతట తానే కదిలింది. "ఎందుకు కుదరదు సార్? పోయేటోళ్లు చెప్పే పోతరు. జర ముందుగాల గుర్తువడితె ఆటోల పెట్టి సర్కారు దవాఖానకు పంపొచ్చు. తొవ్వల పోయినా, ఆడ పోయినా మన ఇంట్ల పోయినట్టు కాదు. గేటు కాడనే ఆటో పెడదాం. గుర్తువట్టేటి ఆయమ్మను నేను తెస్త."

నళిని ముఖం మాడిపోయింది. కానీ నెలల తరబడి తిరిగిన కాళ్లు ఆమెవి. ఇదొక్కటే ఇల్లు. ఒప్పుకుంది. జైపాల్ మిగిలిన చాయ్ గుక్కలో తాగేసి, "మాటంటే మాటే" అన్నాడు. పీరయ్య తల్లి మీద ఒట్టేశాడు.

అతడు తెచ్చిన ఆయమ్మ ఎవరో కాదు, ఆశమ్మ. మొగుడు పోయాక ఆమె ఇళ్లలో మంచాన పడ్డవాళ్లకు ఒళ్లు తుడిచే పని చేస్తోంది. ఆమెకు ఒక నౌకరి చూపిస్తే హనుమప్ప లెక్క సరిపోతుందని పీరయ్య అనుకున్నాడు. పనేమిటో చెబితే ఆశమ్మ అడిగింది.

"అంటే బయట పెట్టుడే గదన్నా?"

"బయట కాదక్కా, దవాఖానకు."

"సరే" అంది. ఆమెకూ కడుపుంది కదా.

హోం నడిచింది. కిటికీ పక్కన మొదటి మంచం ఎల్లవ్వది. వేళకు అన్నం, వారానికి రెండుసార్లు తలస్నానం, నళిని చేత్తో నూనె మర్దన. ముసలామె ముఖం తేరుకుంది. పీరయ్య రోజూ సాయంత్రం వచ్చి, బన్ను చాయ్‌లో ముంచి తినిపించేవాడు. జైపాల్ వెనుక పోర్షన్ మరొకరికి ఇచ్చేశాడు. పీరయ్య ఇప్పుడు హోటల్ పైగదిలో మరో నలుగురితో కలిసి పడుకుంటున్నాడు. అవ్వ మంచి చోట ఉంటే తనకేం, ఎక్కడైనా గడుస్తుంది.

"ఈడనే పోతే మంచిగుండు బిడ్డా" అనేది ఎల్లవ్వ కిటికీ ఊచలు తడుముతూ. "గోడలు మందంగున్నయి. కప్పు గట్టిది."

పీరయ్య బన్ను తినిపిస్తూ ఊఁ అనేవాడు. గేటు దగ్గర నగేష్ ఆటో నిలబడి ఉండేది. నగేష్ సీటు తుడుచుకుంటూ ఎవరి వంతా అని లోపలికి చూసేవాడు. ఆశమ్మ కళ్లు తప్పు చెప్పేవి కావు. దుప్పటి పీకుతున్నారంటే, ఎప్పుడో పోయినవాళ్లను పేరుపెట్టి పిలుస్తున్నారంటే, అరికాళ్లు చల్లబడ్డాయంటే, ఆమె గుమ్మంలో నిలబడి "నగేషూ" అనేది. పోస్టాఫీసులో చేసి రిటైరైన ఒక పెద్దాయన ఆటోలో కూర్చోబెడుతుంటే, "నేనింకా పోలేదమ్మా" అని ఇంగ్లీషులోనూ తెలుగులోనూ చెప్పాడు. ముషీరాబాద్ దాటకముందే పోయాడు. ఒక ముసలామెను మాత్రం రెండుసార్లు పంపితే రెండుసార్లూ తిరిగొచ్చింది. మూడోసారి ఆశమ్మను చూడగానే తనే మంచం దిగి చీర సర్దుకుంది. ఆ కథ చెప్పుకుని హోటల్లో అందరూ నవ్వారు, పీరయ్య కూడా నవ్వాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా!

మే నెల మధ్యాహ్నం బూతు అబ్బాయి వచ్చి హోం నుంచి ఫోను అన్నాడు. పీరయ్య పరుగెత్తుకుపోయేసరికి గుమ్మంలో ఆశమ్మ నిలబడి ఉంది. నగేష్ ఆటో స్టార్ట్ చేసే ఉంది.

"పొద్దుగాల నుంచి మీ నాయనను పిలుస్తున్నదన్నా. కాళ్లు సల్లగైనయి."

"జర సరిగ చూడు ఆశమ్మా. గట్ల అనకు. మాపటిదాంక చూడు."

"నువ్వు మాపటిదాంక చూసినవా అన్నా, మా ఆయనకు?"

ఆమె కక్షతో అనలేదు. నిజంగానే అడిగినట్టు అడిగింది, అదే అతడిని నరికేసింది. నళిని దగ్గరికి పోతే ఆమె కన్నీళ్లు పెట్టుకుంది, కానీ తల ఎత్తలేదు. "జైపాల్ పొద్దున్నే వచ్చి చూసిపోయిండు పీరయ్యా. మాట తప్పితే సాయంత్రానికి అందరినీ ఖాళీ చేయిస్తడు. లోపల ఇంకెంతమంది ఉన్నరో నీకు తెలుసు గదా. మాటిచ్చింది నువ్వే." పీరయ్య గేటు దాటి జైపాల్ ఇంటికి ఉరికి కాళ్లు పట్టుకోబోయాడు. జైపాల్ అతడి భుజాలు పట్టుకుని ఎంతో ప్రేమగా లేపాడు. "ఏం పరేషాన్ కాకు. లోపల ఉబ్బగ ఉన్నది. బయట గాలికి పానం సల్లగుంటది" అన్నాడు. ఆ మాటలు పీరయ్యవే, అక్షరం తేడా లేదు.

ఎల్లవ్వను తనే ఎత్తుకుని ఆటోలో పెట్టాడు. ఆశమ్మ కాళ్లు పట్టి, చీర చెంగు లోపలికి సర్ది, పక్కకు తొలగింది. నగేష్ ఆటోను సర్కారు దవాఖాన వైపు తిప్పాడు. ఆ దవాఖాన వరండాలు పీరయ్య చూసినవే, అక్కడ మనుషులు మూత్రంలో పడుకుని పోతారు. మొలకున్న తాళంచెవుల గుత్తి ఆటో కుదుపుకు గలగలమంది. మూడు పేటల్లోని ఖాళీ ఇళ్లన్నీ తన దగ్గరే ఉన్నాయని అప్పుడు గుర్తొచ్చింది.

"నగేషూ, నారాయణగూడకు పోనియ్యి" అన్నాడు.

నిజామాబాద్ ఓనరు ఇల్లు. గల్లీలో ఎండకు కుక్క కూడా లేదు. తాళం తీసి, తల్లిని మధ్య గదిలో తన తువ్వాల మీద పడుకోబెట్టి, తలుపు దగ్గరగా వేశాడు. వాకిట్లో నల్లా తిప్పితే అదృష్టం కొద్దీ నీళ్లొచ్చాయి. దోసిట్లో తెచ్చి పెదవులు తడిపాడు. నగేష్‌ను పంపేశాడు. ఇక్కడే పోతుంది, కప్పు కింద పోతుంది, ఎవరికీ తెలియదు. తెలిస్తే ఈ గుత్తి మళ్లీ తన మొలకు ఉండదు, బతుకుదెరువు అక్కడితో సరి. పోతే పోయింది. జన్మలో మొదటిసారి పీరయ్య ఓనరు మాట కాకుండా అవ్వ మాట విన్నాడు.

ఎల్లవ్వకు తెలివొచ్చింది. అరచేత్తో నేలను తడిమింది.

"బండలు సల్లగున్నయి. ఎవరిల్లురా ఇది?"

అబద్ధం అతడి నోట్లో ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. ఈసారి దానికి ప్రేమ కూడా తోడైంది. "మనదే అవ్వా. కొన్న. నీకు చెప్పలే."

ముసలామె ముఖం విచ్చుకుంది. పొరలు కమ్మిన కళ్లు కప్పు వైపు తిప్పి, లేని చూపుతో దాన్ని చూసింది. "నా కొడుకు ఇల్లు కొన్నడు" అంది ఎవరికో చెబుతున్నట్టు. తర్వాత కిరాయిదారు బుద్ధి పోక, "ఎన్నర్రలు? నల్లా లోపలనేనా?" అని అడిగింది. మూడు గదులని, నల్లా వాకిట్లోనేనని అన్నిటికీ అతడు జవాబు చెప్పాడు. చెబుతుంటే ఆ ఇల్లు తనదే అయినట్టు ఒక సుఖం పాకింది. తల్లి తల ఒళ్లో పెట్టుకుని, ఇక ఎప్పుడైనా పోవచ్చు అనుకున్నాడు.

ఎల్లవ్వ చేయి గోడ దాకా పోయి ఆగింది.

"ఈయాల ఏం నక్షత్రం బిడ్డా?"

"ఏమో అవ్వా."

"రోజు మంచిగ లేదు. నాకు తెలుస్తున్నది." ఊపిరి కూడదీసుకుంది. "నన్ను బయట పెట్టు."

"ఏంది?"

"బయట పెట్టు బిడ్డా. కిరాయిల్లయితే ఓనరు మొత్తుకుంటడు, మొత్తుకోనీ, మనకేంది? గిది నీ ఇల్లు. నేను ఈడ పోయి, ఇల్లు మూతవడితె నువ్వెటు పోతవ్?"

పీరయ్య నాలుక మొద్దుబారింది. ఇన్నేళ్లలో ఎందరిని ఒప్పించిన నాలుక! "అవ్వా, అబద్ధం చెప్పిన. ఇది మనిల్లు కాదు. ఎవరిదో. తాళం నా దగ్గరుండె. నువ్వు ఈడనే ఉండు."

ఎల్లవ్వ నవ్వింది. "నన్ను ఉంచుకోనీకె గట్లంటున్నవ్. నీ సంగతి నాకెర్క లేదా?"

"నీ మీద ఒట్టవ్వా, నిజం చెప్తున్న."

"నా మీద ఒట్లు శాన ఏసినవ్ రా" అంది.

అతడు ఏడ్చాడు, బతిమాలాడు, ఓనరు పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు. కొడుకు ఎంత ఏడిస్తే ఇల్లు అంత అతడిదే అయిపోయింది ఆమెకు. పక్కకు దొర్లి, మోచేతుల మీద పాకడం మొదలుపెట్టింది. నెలల తరబడి మంచం మీద ఒత్తిగిల్లలేని మనిషి ఆ బండల మీద బెత్తెడు బెత్తెడుగా జరిగి, చీకటి కళ్లతో గాలి వచ్చే దిక్కు వెతికి, గడప దాకా పోయి దర్వాజా పట్టుకుంది. ఒంటిని బయటికి లాక్కోవడానికి పట్టుకుంది. పీరయ్య ఆ వేళ్లను విడదీయబోయాడు. రాలేదు. మోచేతుల చర్మం లేచి బండ మీద రక్తం అంటుకుంది.

అప్పుడు తల్లిని ఎత్తుకున్నాడు. వాకిలి దాటి, గేటు దాటి, గల్లీలో గోడ నీడ బెత్తెడుంటే అక్కడ పడుకోబెట్టాడు. నీడ తలకు సరిపోయింది, కాళ్లు ఎండలో ఉన్నాయి.

"బయటనేనా?" అంది.

"బయటనే అవ్వా."

"తాళమెయ్యి" అంది. ఆ మాటతోనే పోయింది. ముఖంలో బాధ లేదు. కొడుకుకు ఇల్లు కాపాడి పెట్టిన తల్లి ముఖం అది.

ఎదురింటి కిటికీ తెరుచుకుంది. ఒకామె చూసి, ముక్కు మీద కొంగు పెట్టుకుని, "ఎవరన్నా, ఆ ఇంట్ల కిరాయికున్నోళ్లా?" అని అడిగింది.

"కాదమ్మా" అన్నాడు పీరయ్య.

లోపలికి పోయి, బండ మీద రక్తం నీళ్లు పోసి కడిగి, తువ్వాల తెచ్చి తల్లి మీద కప్పి, తాళమేశాడు. షామియానా కోసం టెంట్ హౌస్‌కు మనిషిని పంపాలి. అంబర్‌పేటకు తీసుకుపోవాలి. ఎండ కాళ్ల మీంచి తల దాకా వచ్చేసరికి అతడు జరిగి అడ్డంగా కూర్చున్నాడు.

వానాకాలం మొదట్లో కొత్తగా పెళ్లయిన జంట ఒకటి ఇరానీ హోటల్‌కు వచ్చింది. నారాయణగూడ గల్లీలో ఇల్లు నచ్చిందన్నారు. అమ్మాయి కొంచెం భయపడుతూ, "ఆ ఇంట్ల ఎవరూ పోలేదు గదా అంకుల్?" అని అడిగింది. పీరయ్య గల్లా వైపు, బయట బస్సుల వైపు చూశాడు.

"లేదమ్మా, ఒట్టు. ఎవరూ పోలేదు."

వాళ్లకు చాయ్ చెప్పాడు. ఎంతమందని అడిగాడు, నౌకరి అడిగాడు, నీసు సంగతి అడిగాడు. చాయ్ సగమయ్యాక నాలుగోది కూడా అడిగాడు. లేరన్నారు. గుత్తి లోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.